అడ్డుపడ్డ పైత్యరసానికి పక్కటెముకల మధ్య దారి

కళ్లు పచ్చబడితే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో మొదట వినపడే మాట "పసరు పోయించినారా?" అని. ఎవరో ఒకరు పసరు పోసే మనిషి ఊరు చెబుతారు. ఇంకొకరు పథ్యం చెబుతారు. ఉప్పూ నూనే మానిపిస్తారు. చాలామందికి కొన్ని వారాల్లో పచ్చదనం తగ్గుతుంది కూడా. తగ్గడానికి అసలు కారణం వేరు. పాడైన నీటితో సోకే హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల కాలేయం వాచి వచ్చే కామెర్లు ఎక్కువమందిలో వాటంతటవే నయమవుతాయి. పసరు తాగినా తాగకపోయినా ఆ వారాల్లో తగ్గేవే అవి.

చిక్కంతా అదే పచ్చదనం మరో దారిలో వచ్చినప్పుడు. కాలేయం తయారుచేసిన పైత్యరసం పేగులోకి దిగే గొట్టం ఎక్కడో మూసుకుపోతే వచ్చే కామెర్లు పసరుకూ లొంగవు, పథ్యానికీ లొంగవు. వారం గడిచేకొద్దీ ముదురుతాయి. మూసుకుపోయిన చోటును బొమ్మ తీసి చూసి, చర్మం మీద నుంచే సన్నని సూదితో కాలేయంలోకి వెళ్లి, నిలిచిపోయిన రసాన్ని బయటికి దింపే వైద్యం ఒకటుంది. వైద్యులు దాన్ని పీటీబీడీ అంటారు. పొట్ట కోయరు, చాలాసార్లు పూర్తి మత్తు కూడా ఇవ్వరు. ఈ మూడు ఊళ్లలో కడుపులో గొట్టం, నడుముకు సంచీతో బస్సు దిగే మనిషిని చూసి జాలిపడేవాళ్లు చాలామంది. ఆ గొట్టం ఏం చేస్తోందో తెలిసినవాళ్లు తక్కువ.

మన రక్తంలోని ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి. అవి చనిపోయాక మిగిలే పసుపుపచ్చని వ్యర్థమే బిలిరుబిన్. కాలేయం దాన్ని రక్తంలోంచి తీసుకుని, నీటిలో కరిగే రూపానికి మార్చి, పైత్యరసంలో కలిపి పేగులోకి పంపుతుంది. పేగులోని బాక్టీరియా దాన్ని మరికొంత మారిస్తేనే మలానికి మామూలు గోధుమరంగు వస్తుంది. దారి మూసుకుంటే బిలిరుబిన్ పేగులోకి దిగదు, మలం తెల్లగా సుద్దరంగులో వస్తుంది. దిగాల్సింది రక్తంలోకి ఎగదన్ని మూత్రంలో పోతుంది, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. ఒంటినిండా దురద పుడుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో మరీ ఎక్కువ. రాత్రయితే ఇంకా ఎక్కువ. గోకి గోకి ఒళ్లంతా పుండ్లు చేసుకున్నవాళ్లు, వారాల తరబడి కంటినిండా నిద్రపోనివాళ్లు ఉంటారు. నొప్పి గురించి పదిసార్లు అడిగే ఇంటివాళ్లు దురద గురించి ఒక్కసారి కూడా అడగరు. ఈ జబ్బులో మనిషిని నిలువునా కుంగదీసేది చాలాసార్లు ఆ దురదే.

పచ్చకళ్లకు తోడు తెల్లటి మలం, ముదురు మూత్రం, దురద కనిపిస్తే దారిలో అడ్డు ఉందని అనుమానించాల్సిందే. రక్తంలో బిలిరుబిన్ మామూలుగా డెసీలీటరుకు 1.2 మిల్లీగ్రాములు దాటదు. 2.5, 3 దగ్గరికి వచ్చేసరికి కళ్లలో పచ్చదనం కనిపిస్తుంది. అడ్డుపడ్డ కామెర్లలో అది 10 దాటడం, 20 దాటడం అరుదేమీ కాదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము కూడా దానితోపాటే బాగా పెరుగుతుంది. ఈ రెండు పరీక్షలూ చిన్న లాబొరేటరీలో కూడా చేస్తారు. ఆ తర్వాత చేయాల్సింది అల్ట్రాసౌండ్ స్కాన్. సూది లేదు, రేడియేషన్ లేదు, పావుగంట పని. కాలేయం లోపలి పైత్యనాళాలు మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉంటాయి, స్కాన్‌లో కనపడీ కనపడనట్టుంటాయి. అవి ఉబ్బి స్పష్టంగా కనిపించాయంటే కింద ఎక్కడో దారి మూసుకుంది. స్కానింగ్ సెంటర్లకు కొదవ లేని ప్రొద్దుటూరులో ఈ సంగతి ఒక్క పూటలో తేలిపోతుంది. పసరు పోసే మనిషి కోసం పోయిన మూడు వారాలను ఆ తర్వాత ఏ పెద్దాసుపత్రీ తిరిగి ఇవ్వలేదు.

అడ్డు ఎక్కడ పడిందన్న దాన్నిబట్టే వైద్యం మారుతుంది కాబట్టి లోపలి దారి కొంచెం తెలియాలి. కాలేయం రోజుకు అరలీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. కాలేయమంతా అల్లుకున్న సన్నని నాళాలు కలుస్తూ కలుస్తూ కుడివైపు ఒక పెద్ద నాళంగా, ఎడమవైపు ఒక పెద్ద నాళంగా మారి, కాలేయం అడుగున ఒకచోట ఏకమవుతాయి. కొంచెం దిగువన పిత్తాశయం నుంచి వచ్చే నాళం కలుస్తుంది. అక్కడి నుంచి దాదాపు ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న ఒకే నాళం క్లోమగ్రంథి తల భాగంలోంచి దిగి, చిన్నపేగు మొదట్లో తెరుచుకుంటుంది. గండికోట దగ్గర పెన్నకు అడ్డుకట్ట పడ్డాక నీరు వెనక్కి తన్ని చిత్రావతి పాయలోకి ఎక్కినట్టే, దిగువన నాళం మూసుకుంటే రసం ఎగువనున్న ప్రతి పాయలోకీ ఎగదన్నుతుంది. అడ్డు అట్టడుగున ఉంటే ఎగువ పాయలన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి కాబట్టి ఒక్కచోట తూము పెడితే మొత్తం దిగుతుంది. అడ్డు సరిగ్గా కుడి ఎడమలు కలిసే సంగమం దగ్గరే పడితే పాయలు విడివిడిగా తెగిపోతాయి. అప్పుడు ఒక తూము చాలకపోవచ్చు, ఏ పాయకు పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది. ఈ రెండు పరిస్థితుల తేడాలోనే పీటీబీడీ అవసరం ఉంది.

ఏమిటి ఆ అడ్డు? చాలామందిలో రాయి. పిత్తాశయంలో పుట్టిన రాయి జారి కింది నాళంలో ఇరుక్కుంటుంది. రాయి కాకపోతే క్లోమగ్రంథి తలలో పుట్టే క్యాన్సర్, పిత్తాశయ క్యాన్సర్, పైత్యనాళం గోడలోనే పుట్టే క్యాన్సర్. సంగమం దగ్గర పుట్టే ఈ చివరి రకాన్ని అమెరికా వైద్యుడు జెరాల్డ్ క్లాట్స్‌కిన్ 1965లో వివరంగా రాశాడు, ఇప్పటికీ దానికి ఆయన పేరే. నొప్పి లేకుండా కామెర్లు ముదురుతూ, పిత్తాశయం ఉబ్బి చేతికి తగులుతుంటే అది రాయి అయ్యే అవకాశం తక్కువని స్విట్జర్లాండ్ సర్జన్ కూర్వోజియే 1890లోనే చెప్పాడు. స్కాన్‌లు లేని రోజుల్లో వేళ్లతో పట్టుకున్న ఆ గుర్తు నేటికీ పనికొస్తోంది. నొప్పి లేదు కదా అని మనవాళ్లు నిమ్మళంగా ఉండే కామెర్లే నిజానికి ఎక్కువ భయపడాల్సినవి.

పిత్తాశయం తీసే ఆపరేషన్‌లో పొరపాటున పైత్యనాళానికి దెబ్బ తగిలి, తర్వాత అది ముడుచుకుపోవడం ఇంకో కారణం. లాప్రోస్కోపీతో చేసే ఈ ఆపరేషన్లలో వెయ్యికి మూడు నుంచి ఐదింటిలో ఇలా జరుగుతుందని ప్రపంచమంతటి లెక్కలు చెబుతున్నాయి. మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది హైడాటిడ్ తిత్తి. గొర్రెల మందలూ, మందల వెంట కుక్కలూ ఉండే చోట్ల కుక్కల పేగుల్లోని బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి చేరి, కాలేయంలో నీటి తిత్తులుగా పెరుగుతాయి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రాంతాల్లో ఈ జబ్బు దేశంలో మిగతా చోట్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. తిత్తి పగిలి లోపలి పొరలు పైత్యనాళంలోకి జారితే అడ్డుపడతాయి. ఆ తిత్తిలోని ద్రవం ఒంట్లోకి ఒలికితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు. అందుకే కాలేయంలోకి ఏ సూది దింపే ముందైనా స్కాన్‌లో కనిపించిన నీటి తిత్తి హైడాటిడ్ కాదని తేల్చుకోవడం రాయలసీమలో మరీ ముఖ్యం. గొర్రెలు, కుక్కలతో తిరిగే మనిషైతే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి, ఆయన అడక్కపోయినా సరే.

కారణం ఏదైనా, నిలిచిన రసంలో సూక్ష్మజీవులు చేరితే లెక్క రోజుల నుంచి గంటల్లోకి మారుతుంది. చలితో వణికించే జ్వరం, కామెర్లు, కుడి డొక్కలో నొప్పి కలిసి వస్తే అది నాళాల ఇన్ఫెక్షన్ అని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లో రాశాడు. మాటలో తికమక, పడిపోయే బీపీ కూడా తోడైతే ప్రాణం మీదికి వచ్చినట్టే. పైత్యనాళాల్లో ఒత్తిడి నీటిమట్టం లెక్కన 10 నుంచి 15 సెంటీమీటర్లుంటుంది. అది 25 దాటితే నాళంలోని సూక్ష్మజీవులు నేరుగా రక్తంలోకి తోసుకుపోతాయి. యాంటీబయాటిక్ ఒక్కటే ఇక్కడ చాలదు. మందు రక్తంలో తిరుగుతుంది గానీ, ఒత్తిడితో బిగిసిన నాళంలోకి సరిగా చేరదు. ఒత్తిడి దించాలి, అంటే రసాన్ని బయటికి వదలాలి. అర్ధరాత్రి జమ్మలమడుగులో వణుకు మొదలైన మనిషిని తెల్లారేదాకా ఇంట్లో దుప్పటి కప్పి ఉంచకూడదనడానికి కారణం ఇదే.

ఇప్పుడు సూది కథకు వద్దాం. పైత్యనాళాలు ఎక్స్‌రేలో కనిపించవు. అయోడిన్ ఉన్న మందు వాటిలోకి ఎక్కిస్తేనే అవి తెల్లగా వెలుగుతాయి. ఆ మందును లోపలికి చేర్చడం ఎలా? 1937లో హనోయిలో ఫ్రెంచి వైద్యుడు పియెర్ యూవార్, వియత్నాం శరీరశాస్త్రవేత్త దో సువాన్ హోప్ కలిసి చర్మం మీద నుంచి కాలేయంలోకి సూది దింపి, పైత్యనాళంలోకి మందు ఎక్కించి బొమ్మ తీసి చూపించారు. ఇండోచైనా వైద్యసంఘం పత్రికలో అచ్చయిన ఆ పని చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. అమెరికాలో కార్టర్, సేపోల్ అనే ఇద్దరు 1952లో మళ్లీ దీన్ని చేపట్టాకే పెద్దాసుపత్రులు తల తిప్పి చూశాయి. ఆసియాలో ఒక వలస నగరంలో జరిగిన పని కాబట్టే ఆ పదిహేనేళ్ల ఆలస్యమని నాకు అనిపిస్తుంది.

అప్పటి సూదులు లావువి. సూది తీయగానే ఆ రంధ్రం గుండా పైత్యరసం పొట్టలోకి కారేది, రక్తం కూడా కారేది. బొమ్మ తీసిన వెంటనే రోగిని ఆపరేషన్ బల్ల మీదికి చేర్చడానికి సర్జన్లు సిద్ధంగా ఉండాల్సి వచ్చేది. దీన్ని మార్చింది జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయం. అక్కడివారు 1969 ప్రాంతంలో ఒక మిల్లీమీటరు కంటే సన్ననిదీ, వంగేదీ అయిన పొడవాటి సూదిని తయారుచేశారు. 1974లో కునియో ఒకుడా బృందం మూడు వందలకు పైగా రోగుల మీద దాని అనుభవాన్ని ప్రచురించింది. కాలేయం ఊపిరితోపాటు కదులుతున్నా వంగే సూది దాన్ని చీల్చదు. సన్నని రంధ్రం దానంతటదే పూడుకుంటుంది. చిబా సూది అనే పేరు కడప నుంచి కెనడా దాకా రేడియాలజీ గదుల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది.

చూడటం సాధ్యమయ్యాక రసాన్ని దింపడం తర్వాతి మెట్టు. దానికి మూలం స్వీడన్ వైద్యుడు స్వెన్ ఇవార్ సెల్డింగర్ 1953లో రక్తనాళాల కోసం కనిపెట్టిన పద్ధతి. సూది గుండా సన్నని తీగ పంపాలి, సూది తీసేయాలి, తీగ మీదుగా గొట్టం ఎక్కించాలి, చివరికి తీగ తీసేయాలి. పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రంలోంచి పెద్ద గొట్టం దూర్చే ఉపాయం అంతే. గుండెకు స్టెంటు వేసేదీ ఈ పద్ధతిలోనే. 1974లో మోల్నార్, స్టోకుమ్ దీన్ని పైత్యనాళానికి వాడి, కామెర్లు దింపే కొత్త వైద్యంగా ప్రకటించారు.

గదిలో జరిగేది వరసగా చూద్దాం. ముందు రక్తం గడ్డకట్టే తీరు పరీక్షిస్తారు. పైత్యరసం లేకపోతే కొవ్వు అరగదు. కొవ్వులో కరిగే విటమిన్ కె ఒంటికి పట్టదు. విటమిన్ కె లేకపోతే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అడ్డుపడ్డ కామెర్ల మనిషికి ముందే విటమిన్ కె ఇంజెక్షన్లు ఇచ్చేది అందుకే. రక్తం గడ్డకట్టే వేగాన్ని చెప్పే ఐఎన్ఆర్ 1.5కు లోపు, ప్లేట్‌లెట్లు 50,000కు పైన ఉండాలని చూస్తారు. ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడుతుంటే చెప్పి తీరాలి. యాంటీబయాటిక్ ముందే ఎక్కిస్తారు.

కుడివైపు నుంచి వెళ్తే చంక కింది గీతలో, పక్కటెముకల మధ్య సందులో చోటు ఎంచుకుంటారు. మరీ పైకి పోతే ఊపిరితిత్తి పొర తగులుతుంది. పక్కటెముక కింది అంచు వెంట రక్తనాళం, నరం ఉంటాయి కాబట్టి సూదిని ఎప్పుడూ ఎముక పై అంచును ఆనుకునే దింపుతారు. ఎడమ కాలేయానికైతే రొమ్ము ఎముక కింద నుంచి, అల్ట్రాసౌండ్ చూస్తూ వెళ్లొచ్చు. అక్కడ పక్కటెముకల నొప్పి ఉండదు, తర్వాత గొట్టంతో పక్కకు తిరిగి పడుకోవడమూ తేలిక. చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, నొప్పి తెలియకుండా, భయం తగ్గేలా మరో మందు ఇస్తారు. "పెద్దాయనా, ఊపిరి పీల్చి బిగబట్టండి... చాలు, వదలండి" అని వైద్యుడు అంటుండగా ఆ రెండు మూడు క్షణాల్లోనే సూది కాలేయంలోకి దిగుతుంది.

ఇక్కడి నుంచే అసలు విద్య. సూదిని మెల్లగా వెనక్కి లాగుతూ చుక్క చుక్కగా మందు ఎక్కిస్తూ తెర మీద చూస్తారు. సూదిమొన రక్తనాళంలో ఉంటే మందు క్షణంలో కొట్టుకుపోయి మాయమవుతుంది. కాలేయ కండలో ఉంటే మరకలా నిలిచిపోతుంది. పైత్యనాళంలో పడితే నింపాదిగా కదులుతూ, నాళం గోడల వెంట పరుచుకుంటూ, సంగమం వైపు పాకుతుంది. అనుభవమున్న కన్ను ఆ కదలికను చూసి ఎక్కడున్నామో చెబుతుంది. నాళాలు ఉబ్బి ఉన్నవాళ్లలో నూటికి 95 మందిలో సూది నాళాన్ని పట్టుకుంటుంది. ఉబ్బనివాళ్లలో ఆ లెక్క 70 దగ్గరికి దిగిపోతుంది. నాళం దొరికిందని సంబరపడి మందు దండిగా ఎక్కించకూడదు. ఇన్ఫెక్షన్ ఉన్న నాళంలోకి ఒత్తిడితో మందు తోస్తే సూక్ష్మజీవులను మన చేత్తోనే రక్తంలోకి నెట్టినట్టు. ముందు కొంత రసం లాగి, ల్యాబుకు పంపడానికి కొంచెం పక్కన పెట్టి, ఆ తర్వాతే పొదుపుగా మందు ఎక్కిస్తారు. పరిస్థితి బాగా లేకపోతే బొమ్మ సంగతి తర్వాత, ముందు గొట్టం వేసి ఒత్తిడి దించేస్తారు. గొట్టం వేసే నాళం కూడా కాలేయం అంచుకు దగ్గరగా ఉండాలి. సంగమం దగ్గర రక్తనాళాలు లావుగా ఉంటాయి, అక్కడ గుచ్చితే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

తర్వాత తీగ, తీగ మీద గొట్టం. గొట్టం లావు దాదాపు మూడు మిల్లీమీటర్లు. లోపలి కొస సుడి తిరిగి ఉండటం వల్ల సులభంగా జారిపోదు, పక్కల రంధ్రాల గుండా రసం దిగుతుంది. అడ్డును దాటడానికి తీగ ఒప్పుకోకపోతే గొట్టాన్ని అడ్డుకు పైనే ఉంచి, రసాన్నంతా బయట సంచీలోకి వదులుతారు. తీగ అడ్డును దాటి పేగులోకి చేరితే ఇంకా మేలు. గొట్టాన్ని పేగుదాకా దింపి, రసం లోపలికి కొంత, బయటికి కొంత పోయేలా చేస్తారు. కొన్ని రోజులకు బయటి కొసను మూసేస్తే రసమంతా దాని దారినే పేగులోకి పోతుంది. క్యాన్సర్ అడ్డయితే అదే దారిలో 8 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా విచ్చుకునే లోహపు స్టెంటు వేసి, బయటి గొట్టాన్ని తీసేయొచ్చు. ఆపరేషన్ తర్వాత ముడుచుకున్న నాళమైతే బెలూన్‌తో సాగదీసి, మళ్లీ ముడుచుకోకుండా నెలలపాటు గొట్టం ఉంచుతారు. అలాంటివాళ్లకు తీయడానికి వీల్లేని లోహపు స్టెంటు వేయడం సరికాదు.

ఇంతా చెప్పాక ఒకటి స్పష్టం చేయాలి. అందరికీ ఈ సూది దారి అక్కర్లేదు. అడ్డు కింది భాగంలో ఉంటే, ముఖ్యంగా రాయి అయితే, నోటి గుండా ఎండోస్కోపు పంపి పేగు వైపు నుంచి నాళాన్ని తెరిచే ఈఆర్‌సీపీ మొదటి ఎంపిక. నాళం ద్వారాన్ని ఎండోస్కోపు గుండానే కోసి రాయి తీసే పద్ధతి 1974లో జర్మనీలో, జపాన్‌లో దాదాపు ఒకేసారి మొదలైంది. మన తెలుగునేల మీద ఆ విద్యకు పెద్ద పేరు హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రిది. దాన్ని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఎంబీబీఎస్ చదివింది మన కర్నూలు మెడికల్ కాలేజీలోనే. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. సూది దారి తప్పనిసరయ్యేది మూడు నాలుగు సందర్భాల్లో: అడ్డు సంగమం దగ్గర ఉన్నప్పుడు, ఎండోస్కోపుతో ప్రయత్నించి కుదరనప్పుడు, పాత ఆపరేషన్ వల్ల పేగుల దారే మారిపోయి ఎండోస్కోపు చేరలేనప్పుడు, ఇన్ఫెక్షన్ ముదిరి తక్షణం ఒత్తిడి దించాల్సి ఉండి ఎండోస్కోపు అందుబాటులో లేనప్పుడు. ఏ పాయకు గొట్టం వేయాలో తేల్చడానికి ముందుగా ఎంఆర్‌సీపీ తీస్తారు. సూది లేకుండా ఎంఆర్ఐ యంత్రంతోనే నాళాల బొమ్మ వస్తుంది. బొమ్మ కోసమే సూది గుచ్చాల్సిన రోజులు దానితో దాదాపు పోయాయి. ఇప్పుడు సూది దించేది ఎక్కువగా వైద్యం కోసమే.

ఆపరేషన్‌తో తీయగలిగిన క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ కామెర్లు ముందు దించాల్సిందే అని చాలాకాలం నమ్మారు. నెదర్లాండ్స్‌లో క్లోమగ్రంథి తల క్యాన్సర్ రోగుల మీద జరిగి 2010లో వెలువడిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. నేరుగా ఆపరేషన్ చేసినవాళ్లలో 39 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వస్తే, ముందు ఎండోస్కోపుతో స్టెంటు వేసి కామెర్లు దించి తర్వాత ఆపరేషన్ చేసినవాళ్లలో 74 శాతం మందికి వచ్చాయి. ఇన్ఫెక్షన్ ఉన్నా, బిలిరుబిన్ మరీ ఎక్కువున్నా, ఆపరేషన్‌కు ముందు కీమోథెరపీ కావాల్సి వచ్చినా లెక్క వేరు. కాబట్టి గొట్టం వేయించే ముందు సర్జన్‌కు చూపించారా అన్న ప్రశ్న కుటుంబం అడగదగ్గది. తొందరపడి ఊళ్లో ఏదో ఒక గొట్టం వేయించుకుని తర్వాత పెద్దాసుపత్రికి పోవడం మేలు చేయకపోవచ్చు. జ్వరం లేదు, మనిషి నిలకడగా ఉన్నాడంటే ఒకటి రెండు రోజులు పరీక్షలకు వెచ్చించవచ్చు. జ్వరంతో వణుకుతుంటే ఎవరు ముందు ఒత్తిడి దించగలరో అక్కడికే పోవాలి.

ఈ వైద్యంలో ప్రమాదాలు లేకపోలేదు. రక్తస్రావం, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకడం ఒక్కొక్కటి నూటికి రెండు మూడు కేసుల్లో తీవ్రంగా వస్తాయి. మొదటి రోజు సంచీలో రసం కాస్త ఎర్రగా ఉండటం మామూలే. రెండు మూడు రోజులు గడిచినా ఎర్రగానే ఉన్నా, నలుపు విరేచనాలైనా వెంటనే చెప్పాలి.

మనవాళ్లకు అసలు పరీక్ష ఆసుపత్రి గడప దాటాకే మొదలవుతుంది. ప్రొద్దుటూరు నుంచి కడప యాభై కిలోమీటర్ల పైమాట, పులివెందుల నుంచి దాదాపు డెబ్బై. ఈ వైద్యం కోసం మనవాళ్లు వెళ్లే దారులు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, కర్నూలు, హైదరాబాదు, బెంగళూరు, వేలూరు వైపు పోతాయి. గొట్టం అక్కడ వేస్తారు, బతికేది ఇక్కడ. రసం మొత్తం సంచీలోకే పోతుంటే రోజూ అరలీటరుకు పైగా నీరూ, సోడియమూ, బైకార్బనేటూ ఒంట్లోంచి పోతున్నట్టు. కడప ఎండాకాలంలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో చెమట కూడా తోడైతే మనిషి రెండు మూడు రోజుల్లో నీరసించి, బీపీ పడిపోయి, మూత్రం తగ్గిపోతుంది. గొట్టం పాడైందేమోనని ఇంట్లో కంగారుపడతారు. నిజానికి పాడయ్యేది ఒంట్లోని ఉప్పునీటి లెక్క. సంచీలో ఎంత పడిందో రోజూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. పోయినదానికి తగ్గట్టు ఓఆర్ఎస్, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో వైద్యుడే చెప్పాలి. పథ్యం పేరుతో ఉప్పు పూర్తిగా మానిపించడం ఈ మనిషికి నేరుగా హాని. పేగులోకి రసం దిగనంతకాలం నూనె, వేరుసెనగ ఊరిమిండి లాంటివి అరగవు, జిడ్డు విరేచనాలవుతాయి. సంగటి, అన్నం, పప్పు, పెరుగు తినొచ్చు. రసం మళ్లీ పేగులోకి దిగడం మొదలయ్యాక నూనె కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు.

గొట్టంలోకి రోజూ ఐదు నుంచి పది మిల్లీలీటర్ల శుభ్రమైన సెలైన్ ఎక్కించి పూడుకుపోకుండా చూడమని చాలాచోట్ల చెబుతారు. ఎంత, ఎన్నిసార్లు అన్నది డిశ్చార్జి చీటీలో ఉంటుంది. లోపలికి తేలిగ్గా పోకపోతే బలవంతంగా తోయకూడదు. మామూలు నీళ్లు, కుళాయి నీళ్లు అస్సలు ఎక్కించకూడదు. చుట్టూ చర్మం పొడిగా, కట్టు శుభ్రంగా ఉండాలి. సంచీ ఎప్పుడూ నడుముకు కిందే ఉండాలి. బస్సులో పైన తగిలించడం, ఆటోలో ఒడిలో పెట్టుకుని పడుకోవడం వద్దు. గొట్టం పూడుకుపోయే లోపే, దాదాపు రెండు మూడు నెలలకోసారి, దాన్ని తీసి అదే దారిలో కొత్తది వేస్తారు. మార్చడం మొదటిసారి వేసినంత కష్టం కాదు.

ఖర్చు మాట. పేదవాళ్లకు పెద్దాసుపత్రి వైద్యం అందించే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మొదలుపెట్టిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరుతో ఆసుపత్రి పెట్టిన మనిషి. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. పేరు ఏదైనా, గొట్టం వేసే రోజుకు డబ్బు దొరికితే సరిపోదు. రెండు మూడు నెలలకోసారి గొట్టం మార్పిడి, సెలైన్, సంచీలు, ప్రయాణం అన్నీ కలిస్తే కూలి కుటుంబానికి అదీ పెద్ద బరువే. గొట్టం వేసే ముందే ఏది పథకంలో వస్తుందో, మార్పిడికి మళ్లీ ఏ కాగితాలు కావాలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి. కట్టు మార్చడం, సెలైన్ ఎక్కించడం, రక్తంలో సోడియం చూడటం వంటివి మన ఊరి ఆసుపత్రుల్లోనే జరగాలి. వాటికోసం మనిషిని తిరుపతి దాకా తిప్పడం అన్యాయం. పీటీబీడీ గొట్టం చూసి ముట్టుకోవడానికి జంకే నర్సులకు ఒక పూట శిక్షణ ఇస్తే చాలు. ఈ మూడు ఊళ్లకూ ఆ శిక్షణ చేరాలని నా కోరిక.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే ఇబ్బంది గొట్టం జారిపోవడం. నిద్రలో ఒత్తిగిల్లినప్పుడు, పంచె కట్టుకునేటప్పుడు, పిల్లలు లాగినప్పుడు జారుతుంది. పూర్తిగా ఊడిపోతే తిరిగి లోపలికి దూర్చే ప్రయత్నం చేయకూడదు. రంధ్రం మీద శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి, ఊడిన గొట్టాన్ని ఒక కవరులో వేసుకుని, అదే రోజు బయలుదేరాలి. సగం ఊడి వేలాడుతుంటే ఉన్నచోటే ప్లాస్టరుతో అతికించాలి. గొట్టం వేసి కొన్ని వారాలు గడిచి ఉంటే చర్మం నుంచి నాళం దాకా ఒక గట్టి దారి ఏర్పడి ఉంటుంది. గంటల్లో చేరితే ఆ దారినే తీగ పంపి కొత్త గొట్టం వేసేస్తారు, మళ్లీ సూది గుచ్చే పని ఉండదు. ఆ దారి ఒకటి రెండు రోజుల్లో పూడుకుపోతుంది. వెళ్లేటప్పుడు డిశ్చార్జి చీటీ, చివరిసారి గొట్టం మార్చిన తేదీ, గొట్టం సైజు రాసిన కాగితం, ఎక్స్‌రే సీడీ, రోజూ సంచీ లెక్క రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్తే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కొత్త వైద్యుడు కూడా వెతుక్కోకుండా పని మొదలుపెట్టగలడు.